దర్జీ నవలను నేను సరిదిద్దిన సంగతి

ఈ సంగతిని ఎప్పుడో ఒకప్పుడు నేనే రాసిపెట్టాలి. లేకపోతే ఇది సాహిత్య చరిత్రలోకి వెళ్లిపోయేలా ఉంది.

పోయిన నెలలో నవలల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి నన్ను వెతుక్కుంటూ కాశిబుగ్గకు వచ్చాడు. మా ఇల్లు దొరకడం కష్టం కాదు. పనివేళలో మగ్గం చప్పుడు ఆగిపోయిన ఇల్లు ఏదని అడిగితే చాలు. అక్కడ నేను చదువుకుంటూ ఉంటాను. అతని వాదన ఏమిటంటే, ఒక దర్జీ కుటుంబం మీద వచ్చిన ఫలానా నవలకు రెండు రూపాలున్నాయి. పుస్తకంగా అచ్చయినదాంట్లో దర్జీ భార్య చివర్లో చనిపోతుంది. వారపత్రికలో వచ్చిన తొలి రూపంలో మాత్రం మొదట్లోనే చనిపోయి, ఆ తర్వాత కూడా ఇంట్లో తిరుగుతుంటుంది. ఇందుకు మా వాడలో ఏడుగురు సాక్షులు దొరికారని చెప్పాడు. రచయిత ధైర్యం చేసి రాసి, తర్వాత వెనక్కి తగ్గాడని అతని సిద్ధాంతం. ఒక అధ్యాయం అప్పటికే రాసేశాడు కూడా.

రెండు రూపాలు లేవు. ఒకటి రచయిత రాశాడు. రెండోది నేను కుట్టాను.

నేను ఏడో తరగతి వరకే బడికి వెళ్లాను. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయంలో జరిగింది. అక్కడ నవలలకు నాలుగు బీరువాలు ఉండేవి. ఏది మంచిదో చెప్పేవారు లేనందువల్ల మొదటి బీరువా పై అరలో ఎడమ చివర మొదలుపెట్టి, నాలుగో బీరువా కింది అరలో కుడి చివర ముగించాను. దీనికి పదకొండేళ్లు పట్టింది. జంపఖానలు నేసే పని నాది. చేతులకు పని ఉంటుంది, తలకు ఉండదు. పొద్దున చదివిన అధ్యాయాన్ని సాయంత్రం దాకా తిప్పి తిప్పి చూసుకునేవాణ్ని. ముందుమాటలు వదలలేదు. తప్పొప్పుల పట్టికలు కూడా వదలలేదు.

అలా చదవగా రచయితల గురించి కొన్ని సంగతులు నాకే తెలిశాయి. ఇంటికి చుట్టం వచ్చాడని చెప్పడానికి మామూలు రచయిత అతని ముఖం, మీసం, వయసు అన్నీ చెబుతాడు. మంచి రచయిత గడప దగ్గర విడిచిన చెప్పులను చూపించి ఊరుకుంటాడు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రెండో బీరువా మూడో అరకు వచ్చేసరికి నేను కనుక్కున్నాను.

గ్రంథాలయంలో నెలకోసారి కాలేజీ లెక్చరర్లు పుస్తకాల మీద మాట్లాడేవారు. నేను వెనక బెంచీలో కూర్చునేవాణ్ని. ఒకసారి లేచి ప్రశ్న అడిగితే ‘మంచి ప్రశ్న’ అని, అందరూ చాయ్ తాగడానికి లేచారు. అప్పటినుంచి నాకు ఒకే కోరిక ఉండేది. ఆ ముందు బల్ల దగ్గర నిలబడి ఒక్కసారి నవల గురించి మాట్లాడాలి. వినేవాళ్లలో ఒక్కరైనా జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకోవాలి.

డెబ్బైల చివర, మా వాడలో ఒక పంతులుగారి భార్య ఉండేది. అందరం అక్క అనేవాళ్లం. వారపత్రిక కొనేది వాడ మొత్తం మీద ఆమె ఒక్కతే. సీరియల్ నచ్చితే వారం వారం ఆ కాగితాలు చింపి, గుండుసూది గుచ్చి, రేకు పెట్టెలో దాచేది. దర్జీ నవల అలా దాచినదే. పంతులుగారికి హన్మకొండకు బదిలీ కాగానే ఆ కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

“నువ్వైతే మంచిగ కుట్టిస్తవు తమ్మీ. లైబ్రరీల ఇయ్యి, నలుగురు చదువుకుంటరు. వరుసగనే ఉన్నయ్, నువ్వేం ఫికర్ జేయకు.”

ఇంటికెళ్లి చూస్తే వరుసగా లేవు. మొత్తం ఇరవై నాలుగు భాగాలు. మొదటి భాగం తొమ్మిదో పేజీలో మొదలైంది, బాగానే ఉంది. రెండోది ముప్పై ఒకటిలో. మూడోది పదిహేడులో. నాలుగోది నలభై రెండులో. భాగాలకు వేరే అంకెలు లేవు, మొదటిది తప్ప అన్నింటి మీదా ‘గత సంచిక తరువాయి’ అని మాత్రమే ఉంది. లోపలి పేజీల్లో తేదీ వేసే అలవాటు ఆ పత్రికకు లేదు. పాపం అక్కకు గ్రంథాలయం అలవాటు లేదు కదా అనుకున్నాను. పేజీలు అంకెల వరుసలో ఉండాలన్నది పుస్తకాల మధ్య తిరిగినవాడికి చెప్పనక్కరలేని విషయం.

‘సీరియల్ ప్రారంభం’ అన్న భాగాన్ని మొదట, ‘సమాప్తం’ అన్న భాగాన్ని చివర ఉంచి, మధ్యలోని ఇరవై రెండు భాగాలను పేజీ అంకెల ప్రకారం సరిదిద్దాను. రెండు భాగాలు ఒకే అంకెతో మొదలైనచోట పెద్ద బొమ్మ ఉన్నదాన్ని ముందు పెట్టాను. ఒక్కో వారం పత్రికవాళ్లు సీరియల్‌ను ఒక్కో పేజీలో వేస్తారని నాకు తట్టలేదు. నేను అప్పటికి పుస్తకాలే చదివాను, పత్రికలు కొన్నవాణ్ని కాదు.

పడుగు నూలు మూడు పేటలు కలిపి పురిపెట్టి కుట్టాను. మా వదిన మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కొంచెం మైలుతుత్తం కలిపి ఇచ్చింది. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు. కుట్టాక చదివాను.

అలాంటి నవల అంతకుముందు నేను చదవలేదు. నాలుగో భాగంలో దర్జీకి చూపు పోతుంది. తొమ్మిదో భాగంలో అతను దీపం ముందు కూర్చుని ఒక్క ఊపులో సూదిలోకి దారం ఎక్కిస్తాడు. రచయిత ఒక్క వివరణ ఇవ్వడు. చూపు పోయినా చేతికి గుర్తుంటుందని మనమే తెలుసుకోవాలి. ఆరో భాగంలో భార్య చనిపోతుంది. పదకొండో భాగంలో ఆమె వచ్చి అతని కంచంలో మజ్జిగ పోస్తుంది. అతను తలెత్తడు. ఆమె ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది. అతను జవాబు చెప్పడు. అది జ్ఞాపకమా, భ్రమా, ప్రేతమా, రచయిత చెప్పడు. ఆ పేజీ చదివిన రోజు నేను మగ్గం మీద కూర్చోలేదు.

గ్రంథాలయాధికారి ఆ కుట్టును మెచ్చుకుని, ముద్ర వేసి, బీరువాలో పెట్టాడు. ఆ పుస్తకం మా వాడలో తిరిగినంతగా ఏదీ తిరగలేదు. ముఖ్యంగా ఆడవాళ్లు చదివారు. కండెలు చుడుతూ తగువులాడుకునేవారు.

“సచ్చిపోయింది గదనే! మల్ల మజ్జిగెట్ల పోస్తాంది?” అని వదిన అడిగేది.

“సచ్చినంక గూడ పని తప్పకపాయె ఆమెకు” అని పక్కింటి ఆమె అనేది. “మొగోని బుద్ధి సూడు. బతికున్నప్పుడు పలకలే, ఇప్పుడు గూడ పలుకుతలేడు.”

“నువ్వు జెప్పు మరిదీ, అన్నీ తెలిసినోనివి. ఆమె ఉన్నదా, లేదా?”

“ఉన్నది గని లేదు వదినా. అది టెక్నిక్” అనేవాణ్ని.

ఇలా మూడేళ్లు గడిచాయి. గ్రంథాలయ వారోత్సవాలకు ఆ రచయితే వస్తున్నారని తెలిసింది. ఆయనది కృష్ణాజిల్లా వైపు. పాఠకుల తరఫున ఎవరైనా పది నిమిషాలు మాట్లాడాలని గ్రంథాలయాధికారికి ఆలోచన వచ్చింది. ఆయన నన్ను పిలిచి, “నువ్వే మాట్లాడాలె. జర తయారు గావాలె మల్ల, నా ఇజ్జత్ తియ్యకు” అన్నాడు.

పన్నెండు పేజీల వ్యాసం రాశాను. పేరు, ‘కాలాన్ని కత్తిరించిన దర్జీ’. సభకు అధ్యక్షత వహించే తెలుగు లెక్చరర్‌కు ముందుగా చూపించాను. ఆ నవలను తాను వారం వారం ఆత్రంగా చదివానని ఆయన చెప్పాడు. వ్యాసంలో రెండుచోట్ల ‘చైతన్య స్రవంతి’ అనే మాట చేర్చి, అంచున ‘బాగుంది’ అని రాశాడు.

సభరోజు మా వాడనుంచి రెండు బెంచీల జనం వచ్చారు. హన్మకొండనుంచి అక్క కూడా వచ్చింది. రచయితకు రైలు ఉన్నందువల్ల ముందు ఆయన మాట్లాడారు. సన్నగా, గొంతు తగ్గించి మాట్లాడే మనిషి. నవల ఎలా రాశారో చెబుతూ ఇలా అన్నారు:

“ఆ ఇల్లాలిని చంపడానికి నాకు చేతులు రాలేదండీ. పద్దెనిమిదో వారంలో పోవాల్సిన మనిషి. చంపొద్దని ఉత్తరాలు. సరేనని ఇరవయ్యో వారం దాకా ఉంచాను. అంతకంటే నా వల్ల కాలేదు.”

ఆమె ఇరవయ్యో వారం దాకా బతికి ఉందని ఆయన అంటున్నారు. నా పుస్తకంలో ఆమె ఆరో భాగంలో పోయింది. కృష్ణాజిల్లా లెక్కలు వేరేగా ఉండవు కాబట్టి నేను తొమ్మిది, ముప్పై ఒకటి, పదిహేడు, నలభై రెండు అన్న పేజీ అంకెలను తలుచుకున్నాను. తర్వాత నా వ్యాసం చూసుకున్నాను. పన్నెండు పేజీల్లో తొమ్మిది పేజీలు నన్ను నేను పొగుడుకున్నవే.

అప్పుడే నా పేరు పిలిచారు.

ముందు బల్ల దగ్గరికి వెళ్లాను. వ్యాసం చదివేస్తే ఎవరికీ తెలియదని అనిపించింది. అధ్యక్షుడికి తెలియదన్నది అప్పటికి స్పష్టమైంది. రచయితకు తెలుస్తుంది, కానీ రైలు ఉన్న మనిషి. అయితే ఆడవాళ్ల బెంచీలో అక్క కూర్చుని ఉంది. మూడేళ్లుగా ఆ నవల గురించి ఎవరడిగినా, కాగితాలు కలగాపులగంగా వస్తే నేను సరిచేశానని చెబుతూ వచ్చాను. గ్రంథాలయాధికారికి చెప్పాను. వదినకు చెప్పాను. వ్యాసం మొదటి పేరాలోనే రాశాను.

“అయ్యా, నేను వ్యాసం చదవను” అన్నాను. “ఈ నవల గొప్పతనమని ఇందులో రాసిందంతా నేను చేసిన తప్పు. పేజీ నంబర్లు చూసి భాగాలు అటుదిటు చేసిన. అక్క నాకు వరుసగనే ఇచ్చింది. ఆమెకు తెల్వదనుకున్న. తెల్వనిది నాకు.”

అధ్యక్షుడు నవంబరు నెలలో తిరగని ఫ్యాను వైపు చూస్తున్నాడు.

“నేను అప్పుడే జెప్పిన గద తమ్మీ!” అంది అక్క, బెంచీలోంచే.

“అయితే ఆమె బతికుండే మజ్జిగ పోసిందా?” అని వదిన లేచి అడిగింది. “మూడేండ్లు నన్ను దయ్యమని బెదిరిస్తివి గదనయ్యా!”

నవ్వు వెనక బెంచీల్లో మొదలై ముందు కుర్చీల దాకా వచ్చింది. గ్రంథాలయాధికారి తల పట్టుకున్నాడు. నేను కాగితాలు మడిచి దిగబోయాను.

“ఉండండి” అన్నారు రచయిత. ఆయన నవ్వడం లేదు. “మీరేం రాశారో చదవండి.”

“అది మీ నవల గురించి కాదయ్యా.”

“అందుకే చదవమంటున్నాను. నా నవల మీద చాలామంది మాట్లాడారు. నేను రాయనిదాని మీద నా ఎదుట ఎవరూ మాట్లాడలేదు.”

చదివాను. పది నిమిషాలన్నది అరగంట అయింది. సూదిలో దారం దగ్గర ఆయన కళ్లద్దాలు తీశారు. మజ్జిగ దగ్గర, “ఆ వాక్యం మళ్లీ చదవండి” అన్నారు. అది ఆయన రాసిన వాక్యమే. ఒకసారి జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నారు. రైలు టైమే అయ్యుండొచ్చు, నేను అడగలేదు.

వెళ్లేముందు ఆ కుట్టుపుస్తకం తెప్పించుకుని నిలబడే పేజీలు తిప్పారు. పదకొండో భాగం దగ్గర ఆగి, “బతికున్న మనిషికి జవాబు చెప్పలేదని రాశాను. చిన్న సంగతి అనుకున్నాను” అన్నారు. సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చారు. విప్పి సరిగ్గా కుట్టించమంటారా అని గ్రంథాలయాధికారి అడిగితే, “అంత గట్టిగా కుట్టాక విప్పడమెందుకండీ” అన్నారు.

తర్వాత అచ్చు పుస్తకం కూడా గ్రంథాలయానికి వచ్చింది. అందులో వరుస సరిగ్గా ఉంది. చాలా మంచి నవల. ఆమె ఎప్పుడు పోతుందోనని కాక, ఉన్నన్నాళ్లూ అతను ఎన్నిసార్లు జవాబు చెప్పలేదోనని లెక్కపెడుతూ చదివాను. రెండు పుస్తకాలూ పక్కపక్కనే ఉన్నాయి. నెలవారీ సభల్లో నేను మళ్లీ వెనక బెంచీలోనే కూర్చున్నాను. లెక్చరర్లు మాత్రం ఏ నవల గురించి మాట్లాడబోయినా ముందు నావైపు తిరిగి, “మీ దగ్గర ఏ వరుసలో ఉంది?” అని అడిగేవారు.

ఇక కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పాలి కానీ, అచ్చులో తమ పేరు వద్దని అందరూ అన్నారు కాబట్టి మేము పిలుచుకునే పిలుపులే రాస్తున్నాను. వారపత్రిక కొని, చింపి, వరుసగా దాచిన హన్మకొండ అక్కకు. మైదా ఉడికించిన వదినకు; ఆమె నన్ను క్షమించానని ఇంకా అనలేదు. ముద్ర వేసిన లైబ్రరీ అన్నకు. నా వ్యాసంలో రెండు మాటలు చేర్చిన లెక్చరర్ సారుకు. కండెలు చుడుతూ పోట్లాడిన పక్కింటి చిన్నమ్మకు. ఆ సాయంత్రం రైలు వదులుకుని, రాత్రి బస్సులో నిలబడి వెళ్లిన రచయితగారికి.