రేడియేటర్‌లో చింతపండు

యుద్ధం రోజుల్లో మా ఆయన ఎడ్లజత అమ్మేసి కారు కొన్నాడు. నరసరావుపేటలో ఒక ప్లీడరు గారు ఏళ్ళ తరబడి వాడి, విసుగెత్తి వదిలించుకున్న నాలుగు తలుపుల కారు అది. ఆయనకు ఎందుకు విసుగెత్తిందో మాకు వారం తిరక్కముందే తెలిసింది.

అంతకుముందు మా ఆయన నాపరాళ్ళ క్వారీ నుంచి బండి తోలేవాడు. కారంపూడి నుంచి నరసరావుపేట కోర్టుకు వాయిదాల కోసం తిరిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళను కారులో తిప్పితే బతుకు మారుతుందని ఆయన లెక్క. నేను నోరు మెదపలేదంటే అబద్ధమవుతుంది. మూడు రోజులు సాధించాను. నాలుగో రోజు వెనక సీటులో కూర్చోబెట్టి ఊరంతా తిప్పేసరికి కొంచెం మెత్తబడ్డాను.

ఆ కారుకు లేని రోగం లేదు. సెల్ఫ్ పనిచేయదు, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఒకనాడు హ్యాండిల్ ఎదురుతిరిగి కొట్టి ఆయన మణికట్టు బూరెలా వాచింది. ఎడమవైపు తలుపు మలుపు తిరిగినప్పుడల్లా తనంతట తానే తెరుచుకుంటుంటే పలుపుతాడుతో కట్టాం. బ్రేకు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరొచ్చాక ఆగాలంటే ఊరికి ముందే మనసులో అనుకోవాలి. కింద కుదుపు మోసే స్ప్రింగు పట్టీ విరిగితే మా ఊరి కమ్మరి బండిచక్రం ఇనుము సాగదీసి రెండు రూపాయలకు కొత్తది కొట్టి పెట్టాడు. అన్ని రిపేర్లలోకీ నిలబడింది అదొక్కటే.

అవన్నీ ఓర్చుకోవచ్చు. ఇంజన్లో నీళ్ళు మరగడమే ఓర్చుకోలేకపోయాం. నకరికల్లు చేరేలోపు మూడుసార్లు ముందునుంచి ఆవిరి బుసకొట్టేది. పేటలో మెకానిక్ మొదట గాస్కెట్ అన్నాడు, పద్దెనిమిది రూపాయలు. తర్వాత పంపు అన్నాడు. యుద్ధం వల్ల కొత్త సామాను రావడం లేదని ఏదో పాత పంపు బిగించి పాతిక తీసుకున్నాడు. ఆ తర్వాత రేడియేటర్ విప్పి అతుకులేసి పన్నెండు. ప్రతిసారీ చేతులు తుడుచుకుంటూ, "ఇంక ఢోకా లేదన్నా" అనేవాడు. తిరిగి వచ్చేటప్పుడు నకరికల్లు దగ్గరే ఢోకా కనపడేది. ఇలా రోడ్డు మీద ఆగిపోయి ఒక పెద్దమనిషికి వాయిదా తప్పిపోయింది. ఆ కబురు పాకాక మా కారెక్కేవాళ్ళు కరువయ్యారు.

మా ఆయన మళ్ళీ బండి పని అడిగితే, ఒక శనివారం క్వారీ మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. "ఎడ్లు లేవు గదా, బండి పని ఎట్టా ఇచ్చేది? సోమవారం నించి రారా, సుత్తి ఇప్పిస్తా" అన్నాడు. మా ఆయన తల దించుకుని ఊఁ అన్నాడు. మా బావ, అంటే మా ఆయన అన్న, ఆ సుత్తి పట్టే ఆ దుమ్ము మింగి దగ్గి దగ్గి ముప్ఫై రెండేళ్ళకే పోయాడు. చివరి రోజుల్లో ఆయనకు గంజి పట్టింది నేనే. గుక్క మింగాలంటే రెండుసార్లు ఆగేవాడు. మా ఆయన ఆ దారి పట్టకూడదు, నాకు అంతే కావాలి. కారు ఉంటే ఎంత, పోతే ఎంత!

మర్నాడు పొద్దున ఆయన కారులో నీళ్ళు మారుస్తున్నాడు. అది రోజూ చేసేదే. కింద కుళాయి తిప్పి నిన్నటి నీళ్ళు వదిలేసి, బావిలోంచి కొత్తవి చేదిపోసేవాడు. దారిలో కనపడిన ప్రతి బావి దగ్గరా అంతే.

"రోజూ ఎందుకయ్యా మార్చటం?" అన్నాను.

"నిన్నటి నీళ్ళు ఎడ్లకు పెడతామటే? దీనికి మాత్రం ఎందుకు పెట్టాలి?" అన్నాడు.

దగ్గరికి పోయి రేడియేటర్ మూతి లోపలికి చూశాను. అంచు చుట్టూ తెల్లగా, గరుగ్గా పేరుకుని ఉంది. మా నీళ్ళ కాగు అడుగున పట్టే గార అచ్చం అలాగే ఉంటుంది. మా బావి నీళ్ళల్లో కందిపప్పు పొద్దస్తమానం ఉడికించినా ఉడకదు. పప్పు వండాలంటే నాగులేటికి బిందె పట్టుకుపోవాల్సిందే. అలాంటి నీళ్ళు ఆయన ఆ కారు చేత పూటపూటా తాగిస్తున్నాడు!

"కాగును నేను దేంతో తోముతాను? చింతపండుతో గదా?" అన్నాను.

"ఏమే, మతి పోయిందా? కారుకు పులుసు పోస్తావా?"

"నువ్వు సుత్తి పట్టాక ఎట్టాగూ అమ్మేసేదే గదయ్యా. చస్తే చస్తది."

అర వీశె చింతపండు పిసికి, పీచు పోయేదాకా రెండుసార్లు గుడ్డలో వడకట్టి పోశాం. ఇంజను తిప్పి, చల్లారనిచ్చి, కుళాయి వదిలితే గోధుమరంగు నీళ్ళతో తెల్లటి పెళ్ళలు దబదబా రాలాయి. వాకిట్లో మూగిన ఆడవాళ్ళు తాలింపు వేశావా అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. మళ్ళీ పోశాం, మళ్ళీ వదిలాం. శుభ్రంగా కడిగి నాగులేటి నీళ్ళు నింపాం.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నకరికల్లు దాకా తోలాడు. ఆవిరి లేదు. వెనక్కి తిప్పాడు. మెకానిక్‌కు ధారపోసిన యాభై అయిదు రూపాయలూ గుర్తొచ్చి ఇద్దరం వాణ్ణి నోరారా తిట్టుకున్నాం.

ఊరి మొదట్లో మేస్త్రీ ఎదురుపడి చెయ్యెత్తాడు. బ్రేకు సంగతి చెప్పానుగా, ఆయన్ను దాటి పదడుగులు పోయాక ఆగాం. నడిచొచ్చి కిటికీ మీద చెయ్యేసి, "రేపు తెల్లారే వచ్చెయ్యి, సుత్తి తీసిపెట్టా" అన్నాడు.

మా ఆయన నోరు తెరిచాడు. నిన్న ఒప్పుకున్న మాట, పైగా పెద్దమనిషి, కాదనడం ఆయనకు చేతకాదు.

"రాడు" అన్నాను నేను.

మేస్త్రీ వంగి నావంక చూశాడు. మగవాళ్ళ మాటల మధ్య నేను నోరెత్తింది అదే మొదలు.

"వాడు చెప్పాలి గదమ్మా" అన్నాడు.

"మా బావను ఇచ్చాం గదా బాబాయ్" అన్నాను.

మేస్త్రీ కిటికీ మీది చెయ్యి తీసేశాడు. మా ఆయన గేరు వేసి కారు ముందుకు పోనిచ్చాడు.