పేరు కొట్టేసిన మనిషి

నల్ల మార్కర్ మూత తీసినప్పుడల్లా ఆ ఘాటు వాసనకు రజియా మేడం గుర్తొస్తుంది. ఆసిఫాబాద్‌లో ఆరోగ్య రికార్డుల విభాగానికి ఆమె సూపరింటెండెంట్, నేను కొత్త గుమాస్తాను. చాదస్తపు మనిషని అప్పట్లో నా అభిప్రాయం.

ఒకసారి గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల మానసిక ఆరోగ్యం మీద పని చేస్తూ ఒక పరిశోధకురాలు వచ్చింది. పేర్లు తీసేసి రికార్డులివ్వమని పైనుంచి ఆర్డరు. పేర్లన్నీ మార్కర్‌తో కొట్టేసి, జిరాక్స్ తీయించి సంతకానికి పెట్టాను. మేడం తిరగేస్తూ ఒకచోట ఆగింది.

“జర గీ లైను సదువు.”

“నలభై రెండేండ్లు, మస్కట్ నుంచి వాపస్ వచ్చిండు, టైలర్...” తర్వాత ఊరి పేరు చదివాను. అది మా అత్తగారి ఊరు. మా వైపు గల్ఫ్‌కు పోయొచ్చిన మనిషికి ఆ దేశమే పేరవుతుంది. మస్కట్ టైలర్ అంటే ఆ ఊళ్లో చిన్నపిల్లలైనా దుకాణం చూపిస్తారు. నా పెళ్లి ప్యాంటు కుట్టింది ఆయనే.

బయట కూర్చున్న పరిశోధకురాలిని మేడం లోపలికి పిలిచింది.

“నీ పని మంచిదే బిడ్డా. గల్ఫ్‌కు పోయొచ్చినోల్ల బాధ ఎవలన్న రాయాలె. కని గీ మనిషి మన దవాఖానను నమ్మి గోలీలకు వస్తుండు. ఊర్ల తెలిస్తే పిచ్చోడంటరు. దుకాణం మూతపడుతది, మల్ల గోలీలకు గుడ రాడు.”

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఇంతలో పై అధికారి ఫోన్. ఆలస్యం ఎందుకని కేకలేస్తున్నాడు.

“ఆర్డర్‌ల పేరు తీసేయమన్నరు సార్. ఆయనకు ఊర్ల పేరే మస్కట్” అంది మేడం. బదిలీ చేస్తానని ఆయన బెదిరించినా గొంతు పెంచలేదు.

ముగ్గురం కూర్చుని ఊళ్లు, వృత్తులు తీసేశాం. దేశాలన్నిటినీ గల్ఫ్ అని మార్చాం, వయసులను పదేళ్లకొక గుంపు చేశాం. ఆ అమ్మాయి పనీ ఆగలేదు. ఆ రోజు మేడం మీద కలిగిన గౌరవం నాకు మరెవరి మీదా కలగలేదు.

మేడం ఇప్పుడు లేదు. ఆ కుర్చీలో నేనున్నాను. ఏ రికార్డు బయటికి పంపాలన్నా, ఆ మనిషి ఊరి బస్టాండులో నిలబడి చదువుతున్నట్టు పైకి చదువుతాను. నాకూ చాదస్తమే అంటారు, అననీ.

మొన్న మా పాప బడి దుస్తుల కోసం మస్కట్ టైలర్ దగ్గరికి వెళ్లాను.

“ఏం పని జేస్తవు అల్లుడా?” అన్నాడు కొలతలు తీస్తూ.

“ఆఫీసుల కాయితాల పని మామా.”

“మంచిది” అంటూ పాపను అటు తిప్పి భుజాలు కొలిచాడు. మా వెనక ఆడవాళ్లు జాకెట్టు గుడ్డలు పట్టుకుని, తమ వంతు ఎప్పుడొస్తుందని ఆయన్ని తొందర పెడుతున్నారు.