చూడని ముక్కల లెక్క

మొన్న మా చెల్లెలి మనవరాలు ఫోన్‌తో మూడు ముక్కలాట ఆడుతూ, అది తనను బెదిరించి గెలిచిందని మూతి ముడుచుకుంటే నాకు నవ్వాగలేదు. పేకాడే యంత్రాన్ని ఒకప్పుడు నేనూ తయారుచేశాను మరి. కాకపోతే నాది బెదిరించడం రాకపోగా, తానే బెదిరిపోయేది.

తొంభైల తొలినాళ్ళు. కామారెడ్డిలో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళే కంప్యూటర్ సెంటర్లో డిప్లొమా చదువుతున్నాను. చివరి ప్రాజెక్టు మెప్పిస్తే అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగం, లేదంటే అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం. అందరూ లైబ్రరీ పుస్తకాల జాబితాలు చేస్తుంటే, పొగరుబోతును కదా, పేకాడే ప్రోగ్రాం రాస్తానన్నాను. తన ముక్కలు గెలిచే అవకాశం ఎంతో అది లెక్కగట్టుకోవాలి, ఎదుటివాళ్ళు పందెం పెంచినకొద్దీ వాళ్ళ దగ్గర మంచి ముక్కలున్నాయన్న అనుమానం పెంచుకోవాలి, ఆ అనుమానం హద్దు దాటితే తన ముక్కలు పడేయాలి. సెంటర్లో స్నేహితులందరినీ ఓడించింది.

ఇక మిగిలింది ఎల్లారెడ్డిలో మా పెద్దమ్మ. ఆ వాడకట్టులో ఆమెను గెలిచినవాళ్ళు లేరు. పరీక్షకు ముందు ఆదివారం లెక్కల కాగితాలన్నీ అచ్చు తీసుకుని బస్సెక్కాను, కాగితం ఏం చెబితే అది చేస్తూ యంత్రం తరఫున నేనే ఆడాను. చింతగింజలు పందెం. పెద్దమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే, చిటికెన వేలితో ఒక్కో గింజా ముందుకు తోసేది. కాగితం భయపడేది, నేను ముక్కలు పడేసేదాన్ని. పొద్దుగూకేలోపు నా గింజలన్నీ ఆమె ముందుకు చేరాయి. ఏడుపొక్కటే తక్కువ. సిగ్గు విడిచి, అన్నిసార్లూ అంత మంచి ముక్కలెట్లా వచ్చాయని అడిగాను.

"ఏమో బిడ్డా, నేను సూస్తే గద," అన్నది దారం కడుతూ. "చేతులు ఖాళీ లేకపాయె. బీడీలు చేసెటోళ్ళం గిట్లనే ఆడుతం."

ఆమె ముందున్న మూడు ముక్కలూ వేసినవి వేసినట్టే బోర్లాపడి ఉన్నాయి. నేను కాగితంలోంచి తలెత్తితే కదా కనిపించడానికి. చూడకుండా ఆడేవాళ్ళుంటారన్న సంగతే నా ప్రోగ్రాంకు చెప్పలేదు. ఆమె ధైర్యాన్ని అది మంచి ముక్కలనుకుంది.

మరునాడు ఒక్క ప్రశ్న చేర్చాను: ఎదుటివారు ముక్కలు చూశారా? చూడకపోతే పందేన్ని బట్టి అనుమానం పెంచుకోవద్దని. పరీక్షకు వచ్చిన సారు రెండాటలు ఓడాక, దాని సంగతి తేలుద్దామని ముక్కలు చూడకుండానే పందెం పెంచుకుంటూ పోయారు. అది బెదరలేదు. ఆ ఉద్యోగం నాకే వచ్చింది. మా ఇంట్లో చాట పట్టకుండా బతికిన మొదటి ఆడపిల్లను నేనే.

ఇప్పటి యంత్రాలు తమలో తామే లక్షల ఆటలు ఆడుకుని నేర్చుకుంటాయట. సంతోషమే, నేను పాఠాలు చెప్పే పిల్లలు నాకన్నా ఎంతో పెద్ద ప్రోగ్రాంలు చేస్తారు. కానీ ఓడిపోయి, ఎదురుగా కూర్చున్న మనిషిని ఎట్లా గెలిచావని అడగాల్సిన అవసరం వాళ్ళకు రాదేమోనని కొంచెం బాధ. నా బతుకు మారింది అట్లా అడిగినందుకే.