గౌస్ భాయ్ నొక్కితేనే రాని నెట్‌వర్క్

2008 వేసవి. మస్కట్‌లో మంత్రిత్వ శాఖలూ బ్యాంకులూ ఉండే అల్ ఖువైర్‌లో, ఒక చిన్న ఐటీ సర్వీసు కంపెనీలో నేను సిస్టమ్స్ ఇంజనీరుగా పనిచేసేదాన్ని. వర్చువల్ మెషిన్లు అప్పుడప్పుడే ఆఫీసుల్లోకి వస్తున్నాయి. ఒకే ఇంటిని వాటాలుగా చేసి అద్దెకిచ్చినట్టు, ఒక పెద్ద సర్వర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో కొన్ని కంప్యూటర్లు తయారుచేస్తే వాటిని వర్చువల్ మెషిన్లంటారు. వాటికుండే నెట్‌వర్క్ కార్డు కూడా ఉత్తుత్తిదే. ఆ కార్డును నడిపే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. దాని లోపలికి తొంగిచూడడం నాకు మొదటినుంచీ ఇష్టం. ఆఫీసులో కొందరు దీన్ని పిచ్చి అనేవారు. అననిచ్చాను.

మా క్లయింట్లలో పాలు, పెరుగు సరఫరా చేసే కంపెనీ ఒకటుండేది. ఆఫీసు మా వీధిలోనే, గోడౌన్ దూరంగా రుస్తాఖ్ అనే ఊళ్లో. అప్పట్లో ఒమన్‌లో వారాంతం గురు, శుక్రవారాలు. వాళ్ల సర్వర్ రూమ్ ఏసీ ముసలిది కాబట్టి బుధవారం సాయంత్రం అన్నీ ఆపేసి, శనివారం పొద్దున మళ్లీ ఆన్ చేసే అలవాటుండేది. ఆ డ్యూటీ గౌస్ భాయ్‌ది. కడప మనిషి, ఆ కంపెనీలో ఆపరేటరు.

కొన్ని శనివారాలు బిల్లింగ్ మెషిన్ లేచేది కానీ దానికి నెట్‌వర్క్ వచ్చేది కాదు. బిల్లు రాకపోతే రుస్తాఖ్‌లో పాల బండి కదలదు. ఆ ఎండలో పాలు ఎంతసేపు ఆగుతాయో చెప్పక్కర్లేదు. నాకు ఫోన్ చేసేవారు, నేను వెళ్లి ఆ ఒక్క మెషిన్‌ను రీస్టార్ట్ చేస్తే అన్నీ సవ్యంగా నడిచేవి.

అక్కడి మేనేజరు ఒమానీ. అందరూ ఆయన్ని అరబ్బీలో ముదీర్ అనేవారు. ఒకరోజు టీ తెప్పించి నెమ్మదిగా చెప్పారు: "నువ్వు చేస్తే వస్తుంది, గౌస్ చేస్తే రాదు. అతని కాంట్రాక్ట్ రెన్యువల్ నా టేబుల్ మీదుంది. సంతకం పెట్టాలా వద్దా?"

మెషిన్‌కు మనుషుల ముఖాలు తెలియవన్నాను. వచ్చే శనివారం దాకా ఆగమన్నాను. ఆగుతానన్నారు.

ఆ శనివారం గౌస్ భాయ్ పక్కన కూర్చున్నాను. ముదీర్ వెనక నిలబడ్డారు. గౌస్ భాయ్ ఒక్కొక్క మెషిన్‌నే స్టార్ట్ చేసి, అది పూర్తిగా లేచాకే రెండోదాని జోలికి వెళ్లాడు. అన్నిటికీ నెట్‌వర్క్ వచ్చింది. జాగ్రత్తగా చేస్తే వస్తుందన్నమాట అని ముదీర్ ముఖమే చెబుతోంది. నాకు ఒళ్లు మండింది. ముదీర్ ముందు గౌస్ భాయ్ పడిన భయమే అతన్ని దోషిని చేసింది.

ఆయన వెళ్లాక అడిగాను. "గౌస్ భాయ్, ప్రతి శనివారం ఇలాగే చేస్తారా?"

"యాడ మేడమ్! బండ్లు ఎదురు చూస్తాంటాయి గదా. అన్నీ సెలెక్ట్ జేసి ఒక్కసారే స్టార్ట్ నొక్కుతా. ఈ పొద్దు ముదీర్ ఎనకాల ఉండాడని నిదానంగా జేసినా."

"అలా చేయొద్దని ఎవరైనా చెప్పారా?"

"ఎవరూ చెప్పలా. నొక్కనిచ్చే బటనే గదా అది. కాంట్రాక్ట్ బోయి వీసా ఖలాస్ అయితే నేను యాడికి బోవల్ల మేడమ్? పిల్లల చదువు నడుమ్మధ్యలో ఉంది."

అన్నీ ఆపించి, అతని పద్ధతిలోనే మళ్లీ మొదలుపెట్టించాను. బిల్లింగ్ మెషిన్ మొండికేసింది. అంత సంతోషం నాకు అప్పటికి చాలా రోజులుగా కలగలేదు. దొరకని తప్పే నన్ను భయపెడుతుంది, దొరికిందంటే సగం పని అయినట్టే.

డ్రైవర్ సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రామ్ మూలపాఠం, మా దగ్గర ఉంది. మర్నాడు చదివితే విషయం బయటపడింది. డ్రైవర్ ముందు "కార్డు సిద్ధం" అని ప్రకటించేది. ఆ తర్వాతే సర్వర్ నుంచి వచ్చే "లింక్ వచ్చింది", అంటే నెట్‌వర్క్ కలిసింది, అనే కబురు వినడానికి ఏర్పాట్లు చేసుకునేది. ఈ రెండింటికీ నడుమ చిన్న సందు. సర్వర్ ఖాళీగా ఉంటే కబురు వచ్చేలోపే డ్రైవర్ వినడానికి కూర్చునేది. అన్ని మెషిన్లూ ఒకేసారి లేస్తే మాత్రం అన్నిటికన్నా వెనక లేచే బిల్లింగ్ మెషిన్ డ్రైవర్‌కు తన వంతు ఆలస్యంగా వచ్చేది, కబురు సందులోనే వచ్చి పోయేది. సర్వర్ ఆ మాట ఒక్కసారే చెబుతుంది. వినని డ్రైవర్ లింక్ రాలేదనుకుని అలాగే కూర్చునేది. ఇలా ఎవరు ముందు చేరతారన్నదాన్ని బట్టి ఫలితం మారే తప్పును రేస్ కండిషన్ అంటారు.

వరుస మార్చాను. ముందు వినే ఏర్పాటు, తర్వాత ప్రకటన. ప్రకటించాక లింక్ ఉందో లేదో తనే ఒకసారి అడిగి తెలుసుకునేలా ఇంకో ముక్క చేర్చాను.

ముదీర్‌కు ఫోన్లో చెబితే ఆయన చాలా సులువైన దారి చూపించారు. "ఇదంతా ఎందుకు? ఒక్కొక్కటే ఆన్ చేయమని గౌస్‌కు చెబితే సరిపోదా?"

సరిపోదు. రేపు సర్వర్ మరో పనిలో మునిగి ఉంటే ఒక్కొక్కటిగా చేసినా రాదు. అప్పుడు మళ్లీ గౌస్ భాయ్ చేతినే అనుమానిస్తారు. ఆ మాట ఫోన్లో చెబితే ఎక్కదని, కళ్లతో చూపిద్దామనుకున్నాను.

తర్వాతి శనివారం పాత డ్రైవర్‌లో ఆ సందును కావాలనే వెడల్పు చేశాను. అంటే ఆ రెండు పనుల నడుమ కాసేపు ఊరికే ఆగమన్నాను. గౌస్ భాయ్‌ను లేపి ఆ కుర్చీలో ముదీర్‌ను కూర్చోబెట్టాను.

"ఒక్క మెషినే, ఎంత జాగ్రత్తగా కావాలంటే అంత జాగ్రత్తగా స్టార్ట్ చేయండి."

ఆయన చేశారు. నెట్‌వర్క్ రాలేదు. ఇంకోసారి చేశారు. రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి నా వైపు చూశారు.

"ఇప్పుడు మీ కాంట్రాక్ట్ కూడా ఆపించాలా?" అన్నాను. గౌస్ భాయ్ నేల చూపులు చూస్తున్నాడు. ముదీర్ మాత్రం గట్టిగా నవ్వారు.

ఆ సందును అలాగే ఉంచి వరుస మార్చిన డ్రైవర్ పెట్టాను. ఈసారి అన్నీ సెలెక్ట్ చేసి, వీలైనంత తొందరగా నొక్కమన్నాను. నొక్కారు. అన్నిటికీ వచ్చింది. రుస్తాఖ్‌లో బిల్లు ప్రింటయిందని ఫోన్ వచ్చేసరికి ముదీర్ తన గదిలోకి వెళ్లి, సంతకం చేసిన రెన్యువల్ కాగితం తెచ్చి గౌస్ భాయ్ చేతికిచ్చారు.

అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని అడిగాడు. "మేడమ్, ఇంక నేను తొందరగా నొక్కినా ఏం గాదా?"

"ఏం కాదు. మీ ఇష్టం వచ్చినట్టు నొక్కండి."

ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను. ఫలానా మనిషి చేస్తేనే పాడవుతోందనే మాట ప్రతిచోటా వినిపిస్తుంది. నేను ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, భయపడకుండా రోజూ చేసినట్టే చేయమంటాను. తర్వాత కోడ్ తెరుస్తాను. పాల బండి కోసం తొందరపడే హక్కు మనిషికుంది. ఆ తొందరకు తట్టుకోవలసింది యంత్రమే.