గ్రిజెల్ హాల్కెట్ నాలుగో కప్పు

పొగమంచులోంచి ముందు బూట్ల చప్పుడు వచ్చింది. అడుగున మేకులు కొట్టిన బూట్లు. రాతివీధి మీద టక్కు టక్కుమని నాలుగడుగులు, ఒక గడప దగ్గర ఆగడం, మళ్లీ టక్కు. ఇరవై ఆరేళ్లుగా ఆ నడక వింటున్న టిబ్బీ గోవన్స్ చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది. ఆగకూడని చోట ఆగుతోంది చప్పుడు. ఎవరో చీకట్లో గోడ తడుముకుంటూ వస్తున్నట్టుంది. అప్పుడు ఉదయం ఎనిమిది.

మంచు పక్కకు తొలిగి గ్రిజెల్ హాల్కెట్ కనబడింది. ఆ రోజే ఆడవాళ్ల గోల్ఫ్ కప్పు ఫైనల్.

"ఏం అమ్మాయిగారూ, కొత్త పెళ్లికూతురిలా నడిచొస్తున్నారు? అవతల ఆ ఇంగ్లీషు పిల్ల తెల్లారకుండానే మైదానం అంతా దున్నేస్తోంది."

"దున్ననీ. కోత మనది. బ్యాగు అందుకో."

నలభై ఐదేళ్ల మనిషిని అమ్మాయిగారూ అని పిలవగలిగేది ఆ సముద్రపు ఒడ్డు ఊరు ఇన్వర్‌కెల్లీలో టిబ్బీ ఒక్కతే. చేపలు శుభ్రం చేసి గరుకెక్కిన చేతులతో గ్రిజెల్ కర్రల బ్యాగు మోయడానికి వచ్చేనాటికి ఆమెకు ముప్పై దాటాయి, గ్రిజెల్‌కు పందొమ్మిది. డాక్టరుగారి కూతురు. ఆరేళ్లప్పుడు తండ్రి తన పాత కర్రను ఆమె నడుముకు సరిపోయేలా కోసిచ్చాడు. అప్పట్నుంచి ఆ పిల్ల ఇసుకదిబ్బల మధ్య, గాలితో పోట్లాడుతూ పెరిగింది. పందొమ్మిదో ఏట మొదటి కప్పు. ఇరవై ఏడో ఏట రెండోది. యుద్ధం ముందరి వేసవిలో మూడోది. ఏదో పెద్ద దుకాణం వాళ్లు తమ కర్రల మీద ఆమె పేరు వేసుకుంటామని, అడిగినంత ఇస్తామని వచ్చారు. "పేరు మా నాన్న పెట్టాడు, అమ్ముకోవడానికి నాది కాదు" అని టీ ఇచ్చి పంపింది.

యుద్ధకాలంలో మైదానం చుట్టూ ముళ్లతీగ కట్టారు. తీగ తీసేసరికి ఆమె చూపు మధ్యలో చిన్న బూడిదరంగు మచ్చ పడింది. అలలు ఒడ్డును తిన్నట్టు, అది ఏడాదికేడాదీ లోకాన్ని కొంచెం కొంచెం తింటూ వచ్చింది. వచ్చే వేసవికి మనుషుల ముఖాలు కూడా కనిపించవని ఎడిన్‌బరో కళ్ల డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి టిబ్బీకి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. నాలుగో కప్పు రావాలంటే ఈ ఏడే రావాలి.

అందుకని ఆ వారమంతా కళ్లు టిబ్బీవి, చేతులు గ్రిజెల్‌వి. "జెండాకు ఎడమ పక్క. నూట నలభై గజాలు. గాలి ఎదురు" అని టిబ్బీ గొణిగేది. మసక వైపు ముఖం తిప్పి గ్రిజెల్ కొట్టేది. బంతి ఎటు పోయిందో చప్పుడును బట్టే తెలుసుకునేది. చూసేవాళ్లు ఆమె తీరుబడిని గర్వం అనుకున్నారు.

పదిహేడు గుంతలయ్యేసరికి ఆ ఇంగ్లీషు పిల్ల ఎవెరిల్ పిమ్, గ్రిజెల్ ఇద్దరూ సమానంగా ఉన్నారు. మంచు మళ్లీ సముద్రం మీంచి లేస్తోంది. వెలుతురు తగ్గేకొద్దీ గ్రిజెల్ టిబ్బీ భుజానికి దగ్గరగా నడుస్తోంది. ఆఖరిదైన పద్దెనిమిదో గుంతతో తేలక ఇంకోటి ఆడాల్సి వస్తే ఆమె వల్ల కాదని టిబ్బీకి తెలుసు.

పద్దెనిమిదో గుంతకు గ్రిజెల్ రెండో దెబ్బ దిబ్బ వారన గరుకు గడ్డిలో పడింది. రిఫరీ నలభై అడుగుల వెనక ముక్కు చీదుకుంటున్నాడు. గ్రిజెల్ వంగి బంతి వెనక కర్ర ఆనించింది. బంతి అర చుట్టు దొర్లి గడ్డిలోకి కుంగింది. దాని మీది నల్ల గుర్తు మాయమైంది.

బంతి కదిలితే ఒక దెబ్బ జరిమానా. ఈ ఆటలో ఎవరూ దొంగను పట్టుకోరు. తప్పు చేసినవాళ్లే చెయ్యెత్తి చెప్పుకోవాలి. ఇన్వర్‌కెల్లీ పిల్లలు అక్షరాల కంటే ముందు నేర్చుకునేది అదే. బ్యాగు మోసేవాళ్లు చూస్తే ఆడేవాళ్లు చూసినట్టే లెక్క.

తల ఎత్తకుండానే గ్రిజెల్ అడిగింది. "కదిలిందా, టిబ్బీ?"

దూరంగా మంచులో ఓడ కూత ఒకటి మొదలై, మధ్యలోనే తెగిపోయినట్టు ఆగింది.

"లేదు" అంది టిబ్బీ.

గ్రిజెల్ కొట్టింది. బంతి జెండా పక్కన వాలింది. ఒక్క దెబ్బ తేడాతో గెలిచింది. ఆ జరిమానా కలిపితే ఇద్దరూ సమానం.

ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. "కప్పు పట్టుకోవే టిబ్బీ, సగం నీదేగా!" అని చేపలవాళ్లు ఎకసెక్కమాడారు. టిబ్బీ పట్టుకుంది. వెండి మంచుగడ్డలా చల్లగా ఉంది. ఇంటికెళ్లాక ఎన్నిసార్లు కడిగినా వేళ్లు వెచ్చబడలేదు.

పొద్దున్నే డాక్టరుగారింటికి వెళ్లింది. గ్రిజెల్ అప్పటికే కోటు తొడుక్కుని ఉంది. కప్పు టేబుల్‌గుడ్డలో మూటకట్టి ఉంది.

"అమ్మాయిగారూ, నిన్న ఆ గడ్డిలో బంతి కదిలింది. నేనే అబద్ధం ఆడాను. క్లబ్బు సెక్రటరీగారికి నేనే చెప్పుకుంటా. ముసల్దానికి చూపు ఆనలేదనుకుంటారు."

"నీకా? అర మైలు అవతల కుందేలు చెవి ఆడిస్తే చెప్తావు! నమ్ముతారులే, పాపం."

"నవ్వకండి. పోతే నా పరువు పోనివ్వండి. రండి, నా చెయ్యి పట్టుకోండి. మంచు నిన్నటికంటే దట్టంగా ఉంది. క్లబ్బు దారి కొండ అంచునే పోతుంది."

గ్రిజెల్ చెయ్యి అందుకోలేదు. ఒక్కతే మెట్లు దిగి, గేటు తడిమి తెరిచింది. ఆ పూట కప్పు అప్పజెప్పిందనీ, గెలిచినవాళ్ల పలక మీద రాయబోతున్న తన పేరు తనే ఆపించిందనీ, శనివారం రైల్లో చెల్లెలి దగ్గరకు పోయిందనీ టిబ్బీకి తర్వాత ఎవరెవరో చెప్పారు. గ్రిజెల్ నోట ఆమె విన్న ఆఖరి మాటలు మాత్రం ఆ గేటు దగ్గరివే.

"కర్ర కింద గడ్డి కుంగితే నాకు తెలియదా, టిబ్బీ? కదిలిందని తెలుసు. నువ్వు లేదంటావని కూడా తెలుసు. అందుకే అడిగాను. ఇంకెప్పుడూ నిన్ను ఏదీ అడగను."