లచ్చమ్మత్త దొర ఆట

మొన్న కల్వకుర్తి బస్టాండులో వాన తగ్గేదాకా ఆగితే, తడిసిన గొంగడి కప్పుకొని ఒక గొర్ల కాపరి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. ఉన్ని వాసన గుప్పుమంది. బెంచీ మీదివాళ్లు ముక్కులు మూసుకొని అవతలికి జరిగారు. నేను జరగలేదు. ఆ వాసనకు మా లచ్చమ్మత్త నల్ల ఉన్ని మీసాలు గుర్తొచ్చి, అంతమందిలో ఒక్కదాన్నే నవ్వాను.

లచ్చమ్మత్త మా నాయినకు అక్క. మొగుడు కొడితే తిరిగి కొట్టి పుట్టింటికి వచ్చేసిన మనిషి. అది దాచిపెట్టేది కాదు. "మళ్ల ఎప్పుడు పోతవు?" అని ఎవరైనా అడిగితే "ఆయన చేతులు పడిపోయినంక" అనేది. ఆమె వచ్చేనాటికి నాకు ఏడేళ్లు. మా ఇంట్లో అప్పటికి నవ్వు ఆగిపోయి చాలా రోజులైంది.

నైజాం పోయిందన్నారు, వెట్టి పోయిందన్నారు. మా ఊరి దొర ఉండే గడీకి మాత్రం ఆ కబురు అందలేదు. గడీ ముందునుంచి పోవాలంటే ఎవరైనా చెప్పులు విప్పి చేతబట్టుకోవలసిందే. నాయిన ఆ దొర పొలమే కౌలుకు చేసేవాడు. ఒకనాడు దొర బండి కట్టుకొని రమ్మంటే, ఎద్దుకు కాలు బెణికి ఆలస్యంగా పోయాడు. అందుకు గడీ వాకిట్లో ఆయనను వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. బడికి పోతూ నేను చూశాను. నేను చూసిన సంగతి నాయిన కూడా చూశాడు. బండకన్నా అదే ఆయనకు బరువైంది కావచ్చు. ఆ తర్వాత నాతో సరిగా మాట్లాడలేదు. నేను బడి మానేశాను. గడీ వైపునుంచి మొరటు గొంతు వినబడితే చాలు, గాదె వెనక దూరేదాన్ని. అమ్మ తాయెత్తు కట్టించింది, దిష్టి తీసింది. భయం పోలేదు.

అత్త వచ్చిన వారానికే గాదె వెనక నన్ను కనిపెట్టింది. బయటికి రమ్మని బతిమాలలేదు. గొంగడి అంచునుంచి ఇంత ఉన్ని పీకి, అంబలితో మూతికి అతికించుకొని, నాయిన తలగుడ్డ చుట్టుకొని వాకిట్లో పీట మీద కూర్చుంది.

"ఎవడ్రా ఆడ! నా ముంగట తోకెత్తి తిరుగుతున్నవా?" అని కోడిపుంజు మీద గద్దించింది. "వంగు! వంగుతవా లేదా?"

పుంజు ఆమె కాలిని పొడిచింది. దొరగారు కెవ్వుమని ఎగిరి పీట మీదినుంచి పడ్డారు. మీసం ఒక పక్క ఊడి వేలాడింది. గాదె వెనకనుంచి నాకు తెలియకుండానే నవ్వొచ్చింది.

ఆ నాటినుంచి పొద్దుగూకే వేళ మా ఇంట్లో దొర ఆట మొదలైంది. ఒకనాడు అత్త దొర, ఒకనాడు నేను. నీళ్ల కుండ వంగలేదని అత్త దానికి శిక్ష వేసేది. దొరకు తుమ్ములొస్తే ఊరంతా తుమ్మాలని హుకుం ఇచ్చేది. ఎప్పుడూ నోరెత్తని అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకొని తుమ్మేది. నాయిన మాత్రం ఒకరోజు మండిపడ్డాడు.

"నా బతుకు నీకు నవ్వులాటనా అక్కా?"

అత్త మీసం తీసి పక్కన పెట్టింది. "నీ బతుకు కాదు తమ్మీ, వాని బతుకును నవ్వుతున్న. నువ్వు తలకాయ దించుకుంటే పోరి గూడ దించుకుంటది. గది నీకిష్టమేనా?"

నాయిన బయటికి వెళ్లిపోయాడు. మరునాడు దొర వంతు నాది. నాయిన ఆట మధ్యలో వచ్చి నా ముందు వంగి నిలబడ్డాడు.

"దొరా, బండ పెట్టుండ్రి" అన్నాడు.

నాకు చేతులాడలేదు. అత్త నన్నెత్తి ఆయన వీపు మీద కూర్చోబెట్టింది. నాయిన ఎద్దులా రంకె వేసి వాకిలంతా గంతులేశాడు. నేను మెడ కరుచుకొని కేకలు పెట్టాను. చివరికి గడ్డివాము మీద ఇద్దరం పడ్డాం. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

మళ్లీ బడికి బయలుదేరిన నాడు అత్త నాకు చెప్పులు తొడిగింది. "కాళ్లు వణుకుతయి. వణకనియ్యి. చెప్పులు మాత్రం విప్పకు" అంది.

నిజంగానే వణికాయి. గడీ జీతగాడు "ఏయ్ పోరీ, చెప్పులు!" అని అరిచాడు. అరుగు మీద దొర కూర్చొని ఉన్నాడు. ఆయన మీసంలో ఒక పక్క మజ్జిగ అంటుకొని ఉంది. నేను ఫక్కున నవ్వి, చెప్పులతోనే నడిచిపోయాను.

సాయంత్రం నాయినకు పిలుపు వచ్చింది. ఆయన వెంట అమ్మ, అత్త, నేను, అందరం చెప్పులతోనే వెళ్లాం. ఇరుగుపొరుగు దూరంగా నిలబడి చూస్తున్నారు.

"పిల్లకు గిదేనా నేర్పింది?" అన్నాడు దొర. జీతగాడు బండ దగ్గరికి నడిచాడు.

నాయిన గొంతు వణికింది గానీ నడుము వంగలేదు. "ఇగ మొయ్య దొరా" అన్నాడు.

వెనకనుంచి ఎవరో "మేం గూడ మొయ్యం" అన్నారు. జీతగాడు దొర ముఖం చూశాడు. దొర జనం వైపు చూసి లోపలికి వెళ్లిపోయాడు.

కౌలు పోయింది. రెండేళ్లు నాయిన, అత్త రోడ్డు పనికి కంకర కొట్టారు. జొన్న గటక కూడా చాలని దినాలున్నాయి. అయినా మా ఇంట్లో ఎవరూ "ఎందుకు చేసినం?" అనుకోలేదు. ఊళ్లో మాత్రం చాలామంది అన్నారు, పెద్దవాళ్లను వెక్కిరించడం నేర్పి లచ్చమ్మ పిల్లను చెడగొట్టిందని. చెడగొడితే చెడగొట్టింది. నేను బాగుపడింది ఆ చెడుతోనే.

అరవైలు ముగిసేలోపే రామన్నపేట దగ్గరి ఒక పల్లెలో పంతులమ్మనయ్యాను. భయపడే పిల్లలను చూస్తే ధైర్యం చెప్పను. ఎవరిని చూసి భయపడుతున్నారో వాళ్లలా నడిచి చూపించమంటాను. ఒకసారి ఇన్‌స్పెక్టరు వస్తాడని తరగతంతా బిగుసుకుపోయి ఉంటే, ఎప్పుడూ మూలన కూర్చునే ఒక పిల్లను లేపాను. అది పొట్ట ముందుకు పెట్టి, చేతులు వెనక్కి కట్టి, దగ్గుతూ బెంచీల మధ్య నడుస్తోంది. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. ఒక్కసారిగా నవ్వు ఆగింది. తిరిగి చూస్తే వాకిట్లో ఇన్‌స్పెక్టరు, చేతులు వెనక్కి కట్టుకొని.

పిల్ల బెదిరి నా వైపు చూసింది.

"ఆపకు బిడ్డా" అన్నాను. "కుర్చీల కూసునేది ఇంక చూపియ్యలేదు."