ఒడీల్ అత్త పెంటదిబ్బ

ఒడీల్ అత్త ఎవరికైనా ఏదైనా ఇస్తుంది. పాలు అడిగితే పాలు, గుడ్లు అడిగితే గుడ్లు, అడక్కపోయినా సలహాలు. ఇంటి ముందున్న పెంటదిబ్బ జోలికి మాత్రం ఎవరూ రాకూడదు. వచ్చినవాడు మేయరైనా, ఫాదరైనా, సొంత మేనల్లుడైనా సరే, పార పుచ్చుకుని గుమ్మంలోకి వచ్చేస్తుంది.

ఆ మేనల్లుడి పేరు నార్సిస్. రూవ్‌మోన్ అనే ఊరికి ఉన్న ఒకే ఒక్క పోలీసు. ఆ ఊళ్ళో నేరం చేసేంత ఓపిక ఎవరికీ లేదు కాబట్టి అతని ఉద్యోగం హాయిగానే సాగిపోయేది, ఏడాదికి ఒక్క వారం తప్ప. జూన్‌లో ఆ వారం చివర్న మల్మెడీ నుంచి స్తావ్లో అనే ఊరికి వెళ్ళే రోడ్డు మూసేసి దానిమీద కార్ల పందెం పెడతారు. మిగతా రోజుల్లో పాలబండి నడిచే ఆ రోడ్డు మీదే, ఆ ఆదివారం బెల్జియం గ్రాండ్ ప్రి జరుగుతుంది. ప్రపంచ ఛాంపియన్ కావాలని తిరిగే డ్రైవర్లంతా ఒడీల్ అత్త వంటింటి కిటికీ పక్కనుంచే దూసుకుపోతారు. రోడ్డు వంపు తిరిగేది సరిగ్గా అక్కడే. ఆ వంపుకీ ఇంటి రాతిగోడకీ మధ్య ఉన్నదల్లా పెంటదిబ్బ.

ఇంటి ముందు దిబ్బ ఉండటంలో వింతేం లేదు. మా వైపు అందరికీ ఉంటుంది. దిబ్బ పెద్దదైతే గొడ్లు ఎక్కువున్నట్టు, గొడ్లు ఎక్కువుంటే ఇంట్లో పిల్లకి మంచి సంబంధం వచ్చినట్టు. అయితే మంచు కరిగి ఏప్రిల్ రాగానే ఎవరి దిబ్బ వాళ్ళు తవ్వి పొలానికి తోలేస్తారు. దుంపలు నాటేలోగా ఆ పని అయిపోవాలి. ఒడీల్ అత్త తోలదు. ఏప్రిల్ పోతుంది, మే పోతుంది, దిబ్బ పెరుగుతూనే ఉంటుంది. జూన్ నెలాఖరుకి ఊరి చేలన్నీ పచ్చగా ఊగుతుంటే, అప్పుడు ఈవిడ తాపీగా బండి కడుతుంది. పంట కూడా తాపీగానే వస్తుంది. ఆవిడ బంగాళాదుంపలు గోలీకాయలంత ఉంటాయి.

"ఇవి వండుకోవడానికా అత్తా, పిల్లలు ఆడుకోవడానికా?" అని నార్సిస్ ఒకసారి అడిగాడు.

"తొక్కతో సహా మింగెయ్యొచ్చు. తొక్క తీసిపెట్టే పెళ్ళాం నీకు ఎలాగూ లేదు, నీకే లాభం" అంది.

పండగ ఊరేగింపు ఆ ఇంటి ముందునుంచే వెళ్ళాలి. ఫాదర్ గారు స్వయంగా వచ్చి, ఆ ఒక్కరోజుకీ దిబ్బని పెరట్లోకి మార్చమని బతిమాలారు. దేవుడు ఆ దారిన వస్తున్నాడమ్మా అన్నారు.

"ఆయన పుట్టిందే గొడ్ల పాకలో కదా ఫాదర్" అంది ఒడీల్ అత్త. "ఆయనకి ఈ వాసన అలవాటే. మీకే కొత్త."

ఫాదర్ గారు నవ్వాపుకోలేక, కోప్పడనూ లేక, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఊరేగింపులో పాటలు పాడేవాళ్ళు ఆ మలుపు దగ్గర కొంచెం వేగంగా పాడటం నేర్చుకున్నారు.

మేయరు లాంబెర్ గారు ఇంకో అడుగు ముందుకేశారు. ముసలి విధవరాలు, బండి కట్టే ఓపిక లేదేమోనని, ఏప్రిల్‌లో ఒక పొద్దున్నే తన గుర్రాలూ తన బండీ తోలుకొచ్చి, ఆవిడ నిద్ర లేవకముందే పని మొదలెట్టారు. రెండు పారలు ఎత్తారో లేదో, రాత్రి గౌను మీదే ఒడీల్ అత్త ప్రత్యక్షమైంది.

"లాంబెర్, ఏం చేస్తున్నావ్?"

"సాయం, ఒడీలమ్మా."

"దొంగతనాన్ని మేయర్లు అలా అంటారా? ఎత్తిన రెండు పారలూ దించి మరీ వెళ్ళు."

దించారు. ఆ తర్వాత ఆవిడ పార వెనకవైపుతో దిబ్బని తట్టి, సరిచేసి, రోడ్డు వైపు కొత్త గడ్డి పరిచి, పిల్లకి జడేసి చూసుకున్నట్టు వెనక్కి నిలబడి చూసుకుంది. లాంబెర్ గారు ఆ సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వించారు. పిచ్చి అని కొందరు, మొగుడు పోయాక వచ్చిన మొండితనం అని కొందరు తేల్చేశారు.

ఇలా సాగుతుండగా పందేనికి టీవీ వాళ్ళొచ్చిన సంవత్సరం వచ్చింది. బ్రస్సెల్స్ నుంచి పందెం సంఘం తరఫున దువీవియే అనే పెద్దమనిషి దిగాడు. తెల్ల చేతి తొడుగులు, పాలిష్ బూట్లు, చెప్పిన మాట వెంటనే జరిగిపోవాలనుకునే ముఖం. మలుపు చూశాడు, కెమెరా ఎక్కడ పెట్టాలో చూశాడు, ఆ తర్వాత దిబ్బని చూశాడు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నార్సిస్‌ని పిలిచాడు.

"శనివారం సాయంత్రానికి ఇది ఇక్కడ ఉండకూడదు."

"మా అత్తని అడగాలండీ."

"అడగడం కాదు, చెప్పడం. చెయ్యలేకపోతే ఆ టోపీ నాకిచ్చి ఇంటికి పో."

నార్సిస్‌కి ఆ టోపీ అంటే ప్రాణం. అది రాకముందు లాంబెర్ గారి పందుల పాకలో సగం జీవితం గడిపాడు. అది పోతే మళ్ళీ అక్కడికే పోవాలి. పందులు కూడా అతన్ని గుర్తుపడతాయనేదే అతని భయం.

శనివారం మధ్యాహ్నం దువీవియే లారీనీ, స్తావ్లో ఊరి నుంచి ముగ్గురు కూలీలనూ వెంటేసుకుని వచ్చాడు. ఒడీల్ అత్త అప్పటికే దిబ్బ మీద ఉంది. వంటింటి కుర్చీ పైకి చేర్చి, గొడుగు విప్పి, పక్కన కాఫీ కెటిలూ, అన్నం పాయసం నింపి కాల్చిన టార్టూ పెట్టుకుని, మేజోడు అల్లుకుంటోంది.

"అమ్మగారూ, దయచేసి దిగండి" అన్నాడు దువీవియే. "రేపు యూరప్ అంతా ఈ మలుపుని టీవీలో చూస్తుంది."

"చూడనివ్వండి బాబూ. యూరప్‌లో గొడ్లు లేవా?"

"ఈ కంపు..."

"కంపు కూడా టీవీలో వస్తుందా? ఎంత గొప్ప మిషన్లు వచ్చాయి."

కూలీలు తలలు దించుకుని నవ్వుకున్నారు. దువీవియే వాళ్ళవైపు తిరిగి పని మొదలెట్టమన్నాడు. వాళ్ళలో పెద్దవాడు పార పట్టుకుని ముందుకొచ్చాడు.

"నువ్వు మెలానీ కొడుకువి కదరా?" అంది ఒడీల్ అత్త మేజోడు మీంచి కళ్ళెత్తకుండా. "అమ్మ నడుం నొప్పి ఎలా ఉంది? రా, కాఫీ చల్లారిపోతుంది."

కాఫీ అయ్యింది, టార్ట్ అయ్యింది, నడుం నొప్పికి ఏ ఆకు కాచి తాగాలో అయ్యింది. ఆ తర్వాత ముగ్గురూ దువీవియేకి టోపీలెత్తి నమస్కారం పెట్టి, ఒక ముసలావిణ్ణి లాగి పడెయ్యడం తమ పని కాదని, అది పోలీసు పని అని, లారీ ఎక్కి వెళ్ళిపోయారు. తెల్లారితే రోడ్డు మూసేస్తారు, ఇంక ఏ బండీ లోపలికి రాదు. ఆ సంగతి దువీవియేకి తెలుసు, ఒడీల్ అత్తకి ఇంకా బాగా తెలుసు.

"ఆవిణ్ణి దింపు" అన్నాడతను నార్సిస్‌తో. "కావాలంటే నువ్వే తవ్వు."

నార్సిస్ దిబ్బ ఎక్కాడు. మోకాళ్ళ దాకా దిగిపోయాడు. ఒక బూటు లోపలే ఉండిపోయింది.

"దిగత్తా. నా ఉద్యోగం పోతుంది."

"పోనీరా. నాకు గొడ్లు కాసే మనిషి కావాలి."

"ఎందుకింత మొండితనం? నాకొక్కడికీ కారణం చెప్పు."

"కారణముంటే అది మొండితనం ఎలా అవుతుందిరా?"

నార్సిస్ వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, లేవదీద్దామని. ఆ చెయ్యి వణుకుతోంది. గొడుగూ అల్లిక సూదులూ పెట్టి ఇంతసేపూ ఆవిడ దాచింది ఆ వణుకునే. ఎద్దు మీదికొస్తే చెంప మీద కొట్టి పంపే మనిషి భయపడటం అతనెన్నడూ చూడలేదు. దేనికి భయమో తెలియలేదు గానీ, అంత భయంలో ఉన్న అత్తని లాగెయ్యడానికి అతనికి చేతులు రాలేదు. చెయ్యి వదిలేసి, ఒంటి బూటుతో కిందికి దిగాడు.

"దింపనండీ" అన్నాడు దువీవియేతో. "రేపు పందెంలో ఈ మలుపు దగ్గర జెండా ఊపే పని నాది. అది అయ్యాక టోపీ తీసుకోండి."

అలా ఎదురు చెప్పడం అతని జన్మలో అదే మొదటిసారి. చెప్పాక హాయిగా అనిపించింది, భయం తర్వాత మెల్లిగా వచ్చింది.

ఆదివారం పందెం మొదలయ్యేసరికి అటు స్టార్టింగ్ దగ్గర ఎండ కాస్తోందని రేడియోలో చెబుతున్నారు. ఇటు రూవ్‌మోన్ మీద ఆకాశానికి చిల్లు పడింది. మా కొండల్లో అది మామూలే, ఒక ఊరు తడుస్తుంటే పక్క ఊరు బట్టలారేసుకుంటుంది. కానీ ఎండలో బయల్దేరిన డ్రైవర్లకి ఆ కబురు ఎవరు చెబుతారు? నార్సిస్ ముందు ప్రమాదముందని చెప్పే పసుపు జెండా పట్టుకుని చెయ్యి పడిపోయేలా ఊపాడు. ముందొచ్చిన నలుగురైదుగురు ఎలాగో బతికిపోయారు. వాళ్ళ వెనక ఉరుగ్వే కుర్రాడు ఎస్తెబాన్ వచ్చాడు. అతని కారు నీళ్ళ మీద బొంగరంలా రెండు చుట్లు తిరిగి, గట్టు దాటి, సరాసరి ఒడీల్ అత్త ఇంటి మీదికి లేచింది.

చప్పుడు రాలేదు. వస్తుందని నార్సిస్ కళ్ళు మూసుకున్నాడు గానీ, ఆవు బురదలో కూలబడ్డట్టు మెత్తగా ఏదో వినిపించి ఊరుకుంది. కళ్ళు తెరిచి చూస్తే కారు ముక్కు పెంటలో, తోక ఆకాశంలో ఉన్నాయి. గోడకి ఒక గీత పడలేదు. కుర్రాడు కార్లోంచి ఎగిరిపడి, చంకల దాకా పెంటలో కూరుకుపోయి, ఉన్నది స్వర్గమో నరకమో వాసనని బట్టి తేల్చుకోలేక దిక్కులు చూస్తున్నాడు.

నార్సిస్ జెండా పక్కవాడి చేతిలో పెట్టి పరిగెత్తేసరికి ఒడీల్ అత్త అక్కడే ఉంది. ఇద్దరూ కలిసి కుర్రాణ్ణి లాగి వంటింట్లోకి తెచ్చారు. పొయ్యి మీద పెద్ద గంగాళంలో వేణ్ణీళ్ళు మరుగుతున్నాయి. బల్ల మీద ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. కట్లు కట్టడానికి చించిన గుడ్డలు మడతపెట్టి ఉన్నాయి. పందెం రోజున ఈవిడ కిటికీలు బిగించి తలనొప్పని పడుకుంటుందనే ఊరంతా అనుకునేది.

ఒడీల్ అత్త ఆ కుర్రాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి బూట్లు లాగేసింది. మేజోళ్ళు లాగేసింది. "కదుపు" అంది. వాడికి భాష తెలియదు. ఆవిడ తన చెక్కబూటు విప్పి, వేళ్ళు ఆడించి చూపించింది. "ఇలా. కదపరా నాయనా, కదుపు."

వాడు కదిపాడు. ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు. ఒడీల్ అత్త ఆ రెండు పాదాలనీ చేతుల్లోకి తీసుకుని అలా చూస్తూ నేల మీద కూర్చుండిపోయింది.

"అత్తా" అన్నాడు నార్సిస్.

"నువ్వప్పుడు పట్టాళంలో ఉన్నావు. ఆ జూన్‌లో మోటార్ సైకిళ్ళ పందెం కూడా పెట్టారు" అంది ఆవిడ, పాదాలకే చెబుతున్నట్టు. "హంగరీ పిల్లాడట. ఆ ఏడు నేనూ అందరిలాగే ఏప్రిల్‌లోనే దిబ్బ తోలేశాను. వాడు తిన్నగా వచ్చి గోడకి కొట్టుకున్నాడు. ఈ బల్ల మీదే పడుకోబెట్టాను. అమ్మా అన్నాడు. ఏ భాషలో అన్నా తెలుస్తుంది కదరా అది. బతికాడు. నడవలేదట మళ్ళీ."

అన్నేళ్ళ నుంచి ఈవిడ గోలీకాయలంత దుంపలు తిని ఊళ్ళో వేళాకోళం పడింది ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళ కోసమన్నమాట. "ఆ మాట చెప్పొచ్చు కదత్తా" అన్నాడు నార్సిస్.

"చెబితే దువీవియే లాంటివాడొచ్చి కమిటీ వేసేవాడు. కమిటీ తేల్చేలోగా ఇంకో పిల్లాడొచ్చి గుద్దుకునేవాడు. పెంటకి పర్మిషన్ ఎందుకురా?" అని లేచి నిలబడి కళ్ళు తుడుచుకుంది. "ఏడుపు మొహం మాని వాడికి స్నానం చేయించు. నా దిబ్బ సగం రోడ్డు పాలైంది, ఎవడెత్తుతాడో ఏమో."

పందెం ముగిశాక దువీవియే జేబురుమాలుతో సహా పరిగెత్తుకొచ్చాడు. ఉరుగ్వే కుర్రాడు ఒడీల్ అత్త మొగుడి పాత రాత్రి చొక్కా తొడుక్కుని, పొయ్యి పక్కన కూర్చుని రెండో టార్ట్ తింటున్నాడు. ఊరు సగం వంటింట్లోనే ఉంది. నార్సిస్ టోపీ తీసి దువీవియే ముందు పట్టుకున్నాడు. ఆ టోపీని మధ్యలోనే మేయరు లాంబెర్ గారు అందుకుని, దుమ్ము దులిపి, మళ్ళీ నార్సిస్ నెత్తిన పెట్టారు.

"ఈ టోపీకి జీతమిచ్చేది మా ఊరండీ" అన్నారు దువీవియేతో. "మీరు తీసుకోవడానికి వీల్లేదు."

మరుసటి జూన్‌కి దువీవియే మళ్ళీ వచ్చాడు. మలుపులో ఒడీల్ అత్త దిబ్బ ఎప్పటికన్నా ఎత్తుగా ఉంది. దాని పక్కన ఇంకోటి. టెలిగ్రాఫ్ స్తంభం ముందు ఒకటి, కల్వర్టు గోడకి ఒకటి, లాంబెర్ గారి కొట్టానికి ఒకటి, చర్చి ప్రహరీకి ఫాదర్ గారి ఆవు పుణ్యమా అని చిన్నది ఒకటి. రోడ్డు పొడుగునా ఎక్కడ రాయి ఉంటే అక్కడ దాని ముందు దిబ్బ ఉంది. ఒడీల్ అత్త చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కదాన్నీ పొడిచి చూస్తూ, లాంబెర్ గారి దిబ్బ రాయిలా ఉందని, విప్పి మళ్ళీ వెయ్యమని కేకలేస్తోంది. లాంబెర్ గారు నోరెత్తకుండా విప్పుతున్నారు.

దువీవియే ముక్కు మూసుకుని, పై నుంచి కింది దాకా చూసి, నార్సిస్‌ని పిలిచాడు.

"ఏమయ్యా, ఈ ఊళ్ళో ఎవరూ పొలాలకి ఎరువు తోలరా?"

నార్సిస్ టోపీ సర్దుకున్నాడు. "తోలుతామండీ" అన్నాడు. "ముందు మీ కుర్రాళ్ళందర్నీ వాళ్ళ కాళ్ళ మీద నడిచి ఇళ్ళకి వెళ్ళనివ్వండి."